తొవ్వ సద్ది

దూరం పోయేటోళ్లు బయలెల్లే ముందు ఒక చిట్టీ రాసుకుంటరు. మందులు, చార్జర్లు, పిల్లల స్వెట్టర్లు, నీళ్ల సీసాలు. ఆ చిట్టీని ఎవరూ సాహిత్యం అనరు. తెలుగు సాహిత్యంల పీహెచ్‌డీ చేసి డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంట బతుకుతున్న నేను అంటున్న. ఎవరు ఏం సర్దుకుంటున్నరు, ఎక్కడ ఆగుదామనుకుంటున్నరు, ఎక్కడ ఆగొద్దనుకుంటున్నరు అనేది చూస్తె చాలు, ఈ దేశంల వాళ్ల జాగ ఏందో తెలిసిపోతది.

పోయిన రెండు వారాలు హాస్టల్ మెస్సుల గురించి రాసిన. ఈ వారం కార్ల గురించి. నవ్వకుండ్రి. మన వాడల్ల కార్లు వచ్చి ఎన్నేండ్లు కాలేదు. లోన్ల మీద వచ్చిన ఆల్టోలు, సెకండ్‌హ్యాండుల కొన్న ఎర్టిగాలు. కారు కొన్న మొదటి తరం మనమే. అందుకే కారుల దూరం పోవుడు ఎట్లనో మనకు చెప్పే పెద్దమనిషి ఇంట్ల ఉండడు. మన తాతలకు ఎడ్ల బండి ఎక్కుడే గగనం.

ఈ దసరాకు మూడు బండ్లు నాగపూర్ దీక్షాభూమికి పోతున్నయి. ఒకటి జనగామ నుంచి, ఒకటి మానుకోట నుంచి, ఒకటి భూపాలపల్లి నుంచి. 2016 అక్టోబరు 11 దాక మేమందరం వరంగల్ జిల్లా వాళ్లమే. జిల్లాలు మూడైనయి గని చుట్టరికం ఒక్కటే. జనగామ బండి హనుమకొండ, పరకాల మీదుగ, మానుకోట బండి నర్సంపేట మీదుగ వచ్చి భూపాలపల్లిల కలుస్తయి. అక్కడ సింగరేణిల పనిచేసే మామ ఇంట్ల రాత్రి నిద్ర. తెల్లారగట్ల లేచి కాటారం, మహదేవపూర్ దాటి కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన ఎక్కితె అవతల సిరోంచ, మహారాష్ట్ర. అక్కడి నుంచి అడవి తొవ్వల ఆలపల్లి, ఆ తర్వాత చంద్రపూర్, నాగపూర్. నిర్మల్, ఆదిలాబాద్ మీదుగ పెద్ద హైవే ఉన్నది, నిజమే. గని ఈ తొవ్వల చంద్రపూర్ తగుల్తది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌ల దీక్ష తీసుకున్న బాబాసాహెబ్, 16న చంద్రపూర్‌కు వచ్చి అక్కడి జనానికి కూడ దీక్ష ఇచ్చిండు. ఆ జాగ చూసుకుంట పోదామని అందరి మాట.

ముందుగాల అందరికి పనికొచ్చే చిట్టీ చెప్త. మనోళ్లు చాలమంది మొదటిసారి ఇంత దూరం నడుపుతున్నరు.

టైర్లు చూసుకోండ్రి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్న తక్కువ ఉంటె చట్టం ప్రకారమే ఆ టైరు రోడ్డు మీదికి పనికిరాదు. గాలి పొద్దుగాల్ల, టైరు చల్లగ ఉన్నప్పుడు చూపించుకోవాలె. నాలుగు టైర్లకు కొట్టించి స్టెప్నీని మర్చిపోయేటోళ్లే ఎక్కువ. జాకీ, వీల్ పానా డిక్కీల ఉన్నయా, ఉంటె వాటిని వాడుడు వచ్చా అనేది ఇంటి ముందట్నే ఒకసారి చక్రం విప్పి చూసుకోండ్రి. కూలెంటు, ఇంజిన్ ఆయిలు, బ్రేకులు, వైపర్లు, లైట్లు చూపించండ్రి. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేటోళ్లు పెట్టుకోండ్రి, నేను కొట్లాడ. గని నిమ్మకాయ కన్న స్టెప్నీల గాలి ముఖ్యం.

కాగితాలు: ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు. డిజిలాకర్‌ల ఉన్నయి చెల్లుతయి గని అడవిల సిగ్నల్ ఉండదు, జిరాక్సులు పెట్టుకోండ్రి. ఫాస్టాగ్‌ల పైసలు ఉండాలె. కిరాయి బండి అయితె పసుపు ప్లేటుదే మాట్లాడండ్రి, మహారాష్ట్ర పర్మిట్ కట్టిండా లేదా అడగండ్రి. వెయ్యి రూపాయలు తక్కువైతదని తెల్ల ప్లేటు తుఫాన్ మాట్లాడుకుంటం. సొంత బండి అని రాసిచ్చి కిరాయికి తిప్పినందుకు, రేపు ఏమన్న అయితె ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తది. మన పెండ్లిళ్లకు, జాతరలకు జనం ట్రాలీ ఆటోలల్ల, డీసీఎంలల్ల నిలబడి పోతరు. మన పానాలు అంత అగ్గువ కాదు.

ఇదంత ఎవరైనా రాసుకునే చిట్టీ. మన దగ్గర ఇంకో చిట్టీ ఉంటది. అది కాగితం మీద ఉండదు, నోటి మీద ఉంటది. అమ్మ గుసగుసగ చెప్తది, అన్న ఫోన్ల చెప్తడు.

"ఆ ఊరి మలుపు కాడ చాయ్ తాగకుండ్రి." "లాడ్జిల ఇంటిపేరు అడిగితె ఊరి పేరు చెప్పు." "పోలీసులు ఆపితె దిగి మాట్లాడు, బండిల కూసోని మాట్లాడకు." "కొత్త ఊళ్లె బోరింగ్ ముట్టకు, బిస్లరీ కొనుక్కో." "రాత్రి అయితె ఊరి నడుమ ఆపకు, పెట్రోలు బంకుల ఆపు."

ఈ చిట్టీ రెడ్డి గారి బండిల ఉంటదా? ఉండదు. వాళ్లు కారు తాళం తీసుకొని, పైసలు జేబుల పెట్టుకొని బయలెల్తరు. ఎక్కడ ఆకలైతె అక్కడ ఆగుతరు. ఆ ఆగుడే ఒక ఆస్తి. తాతల నుంచి వచ్చిన ఆస్తి. దస్తావేజుల రాయరు గని అనుభవిస్తరు.

నాలుగేండ్ల కింద ఒక పుణ్యక్షేత్రం ఉన్న ఊళ్లె నేను, మా ఆయన, చిన్నపిల్లతోటి రాత్రి పది గంటలకు ఒక లాడ్జి ముందట ఆగినం. రూములు ఉన్నయని బోర్డు ఉన్నది. కౌంటర్ మీద ఉన్నాయన ఆధార్ చూసిండు, ఇంటిపేరు చూసిండు, "ఏమోళ్లు?" అన్నడు. చెప్పినం. బుక్కు మూసి "ఇప్పుడే ఫోన్ల బుక్ అయింది" అన్నడు. గొడవ లేదు, తిట్టు లేదు. మర్యాదగనే చెప్పిండు. మా వెనక వచ్చినోళ్లకు తాళంచెవి ఇచ్చుడు అద్దంలకెల్లి చూసినం. ఇట్లాంటిదాన్ని ఏ కేసుల రాస్తరు? ఏ పేపర్ల వేస్తరు? ఇంటికొచ్చినంక మా అత్తమ్మకు చెప్తె, ఆమె చిట్టీల ఇంకో లైను పెరిగింది: "ఆ ఊళ్లె రాత్రి ఆగకుండ్రి." ఇట్లనే పెరుగుతది మన చిట్టీ, నోటి నుంచి నోటికి. ఎవరికీ సాక్ష్యంగ పనికి రాకుండ.

ఇక్కడ ఒక పాత పుస్తకం గుర్తు చేయాలె. తెలుగుల మొదటి యాత్రా గ్రంథం అని మేం క్లాసుల్ల చెప్పేది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టుల దుబాసి. 1830 మే 18న బయలెల్లి, హైదరాబాదు, నిర్మల్, నాగపూర్ మీదుగ కాశీకి పోయి, 1831 సెప్టెంబరుల తిరిగొచ్చిండు. 1838ల పుస్తకం అచ్చయింది. ఇప్పుడు మేం పోతున్న నాగపూర్‌కే, రెండు వందల ఏండ్ల కింద, ఇంకో తొవ్వల. ఆయన తయారీ మామూలుది కాదు. పల్లకీ, దాన్ని మోసే బోయీలు, డేరాలు, వంటోళ్లు, పెద్ద పరివారం.

ఆ పుస్తకం గొప్పది. నేను ఇష్టంగ పాఠం చెప్త. ఊరు ఊరుకు ఆగి, ఇక్కడ బ్రాహ్మణ ఇండ్లు ఉన్నయా, అంగళ్లు ఉన్నయా, నీళ్లు మంచియేనా, దిగడానికి జాగ ఉన్నదా అని రాసిపెట్టిండు. వెనక వచ్చేటోళ్లకు పనికొస్తదని రాసిండు. అంటె ఏందది? ఒక కులపాయన తన తోటోళ్ల కోసం రాసిన మజిలీల చిట్టీ. ఆయన దాన్ని గుసగుసగ చెప్పలేదు, రాసిండు. రాసిండు గనుక అది చరిత్ర అయింది, సిలబస్ అయింది. మన అమ్మలు చెప్పిన చిట్టీ ఊరి పొలిమేరనే ఆగిపోయింది.

ఆ పల్లకీ మోసినోళ్లు కూడ కాశీకి పోయొచ్చినోళ్లే. అన్ని మైళ్లు నడిచి చూసినోళ్లు వాళ్లు. వాళ్ల కాశీయాత్ర చరిత్ర ఏది?

దూరం ఎందుకు, మన జనగామ తాలూకాకే రండి. విసునూరు దేశ్‌ముఖ్ ఏలిన గడ్డ ఇది. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ గడీ మీద కొట్లాటలనే. దొరసాని పుట్టింటికి పోవాల్నంటె సవారి కచ్చడం కట్టేటోళ్లు. ముందట మనుషులు ఉరుకాలె, వెనక మనుషులు ఉరుకాలె. వెట్టి. మాదిగలు ఇయ్యాల్సిన తోలు వెట్టి వేరే ఉండె. చెప్పులు, ఎడ్లకు పటకలు, బండికి వార్లు, చెర్నకోల. పైస లేదు. అంటె దూర ప్రయాణానికి తయారీ చేసుడు మనకు కొత్త కాదు. తరాలకొద్ది చేసినం. పరాయోళ్ల ప్రయాణానికి చేసినం. బండికి తోలు మనది, బండి ముందట ఉరికిన కాళ్లు మనయి, బండిల కూసున్నది మనం కాదు.

అందుకే మా అన్న కారు కొన్ననాడు మా తాత దాంట్ల కూసోకుండ చుట్టూ రెండుమార్లు తిరిగి చూసిండు. "డోరు తీస్కొని ఎక్కు తాతా" అంటె, "ఇంత సేపు చూడనియ్యిరా" అన్నడు. ఆ చూపుల ఎన్నేండ్ల ఉరుకుడు ఉన్నదో మాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇగ బాబాసాహెబ్ దగ్గరికి వద్దం. ఆయన 1935 ప్రాంతంల రాసుకున్న చిన్న పుస్తకం వెయిటింగ్ ఫర్ ఎ వీసా. చాలమంది దాన్ని అంటరానితనం అనుభవాల పుస్తకం అంటరు. నేను దాన్ని ప్రయాణాల పుస్తకం అంట. దాంట్ల ఆయన సొంత కథలల్ల మూడు తొవ్వ మీద జరిగినయే. మూడిట్ల బండి ఉన్నది. మూడిట్ల తయారీ ఉన్నది.

మొదటిది 1901. నాయన కోరేగావ్‌ల క్యాషియర్. ఎండాకాలం సెలవులకు పిల్లలు సతారా నుంచి బయలెల్లిన్రు. తయారీ ఎంత బాగ చేసుకున్నరో ఆయనే వర్ణించిండు. కొత్త అంగీలు, జరీ టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు ధోతులు. మేనత్త కట్టిచ్చిన సద్ది. జేబుల పైసలు. వస్తున్నమని నాయనకు ముందే ఉత్తరం. ఏం తక్కువ? ఏం తక్కువ లేదు. మసూర్ స్టేషన్ల దిగిన్రు. ఉత్తరం నాయనకు చేరలేదు, మనిషి రాలేదు. స్టేషన్ మాస్టర్ మంచిగనే మాట్లాడి, మహార్ పిల్లలని తెలిసేసరికి వెనక్కి జరిగిండు. ఎడ్లబండోళ్లు ఎవరూ రామన్నరు. చివరికి రెండింతల కిరాయికి ఒకడు ఒప్పుకున్నడు. పిల్లలే తోలుకోవాలె, ఆయన పక్కన నడుస్తడు. సద్ది నిండుగ ఉన్నది, నీళ్లు లేవు. టోల్ కాడ ముసల్మానులమని చెప్పుకున్నరు, అయినా నీళ్లు దొరకలేదు. తిండి పక్కన పెట్టుకొని దూపతోటి, ఆకలితోటి పండుకున్నరు.

ఈ కథ చెప్పినప్పుడల్ల మా క్లాసుల ఒక పిల్ల అడుగుతది: "మేడం, నీళ్ల సీసా తీస్కపోతె అయిపోవు గదా?" మంచి ప్రశ్న. తీస్కపోతె అయిపోవు. మనం ఇయ్యాల తీస్కపోతున్నం గదా, ఇరవై లీటర్ల క్యాన్ డిక్కీల పెట్టుకొని. గని తయారీ ఎవరి పని అనేది అసలు ప్రశ్న. తొవ్వ పొడుగూత నీళ్లు ఉన్న దేశంల, నీళ్లు మోసుకుపోవాల్సిన అవసరం కొందరికే ఎందుకున్నది?

రెండోది 1929, చాలీస్‌గావ్. అప్పటికి ఆయన బారిస్టరు. టాంగావాలా ఆయన్ను ఎక్కించుకొని తోలనన్నడు. మహార్‌వాడ మనుషులు మర్యాద పోవద్దని, టాంగా కిరాయికి తీసుకొని, తోలుడు రాని తమ మనిషిని కూసోబెట్టిన్రు. నది మీది కల్వర్టు కాడ బండి పల్టీ కొట్టింది. గుర్రం, బండి నీళ్లల్ల పడ్డయి, బాబాసాహెబ్ రాళ్ల మీద పడి కాలు ఇరిగింది. దీన్ని డ్రైవింగ్ కథగ చదువుండ్రి. పని వచ్చిన డ్రైవర్ దొరకకపోవుడు కూడ కులమే. మన జనం ట్రాలీలల్ల నిలబడి పోవుడు వెనక, రాత్రంత నిద్ర లేని పిల్లగాని చేతిల స్టీరింగ్ పెట్టుడు వెనక ఏముందో అప్పుడు అర్థమైతది. భద్రత అనేది టైర్ల సంగతి ఒక్కటే కాదు.

మూడోది 1934, దౌలతాబాద్. ఇది మన కథ. అప్పుడు అది నిజాం రాజ్యం. జనగామ, మానుకోట ఏ రాజ్యంల ఉండెనో దౌలతాబాద్ గూడ అదే రాజ్యంల ఉండె. దగ్గర దగ్గర ముప్పై మంది యాత్రకు బయలెల్లిన్రు. ముందే ఒక నిర్ణయం చేసుకున్నరు. ఎవరమో చెప్పకుండ పోదం, ఆగుదామనుకున్న ఊళ్లల్లనే పేర్లు చెప్పుదం అని. కోట కాడికి వచ్చేసరికి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నరు. బయట నీళ్ల హౌజు ఉంటె మొఖాలు కడుక్కున్నరు. అంతె. హౌజు మైలపడ్డదని గుంపు చేరింది, తిట్లు. చివరికి కోట చూడనిచ్చిన్రు, లోపల నీళ్లు ముట్టకుండ చూసేటందుకు సిపాయిని వెంబడి పంపి.

మన వాట్సాప్ గ్రూపుల ఇప్పుడు నడుస్తున్న పంచాయితీ, 1934ల ఆ ముప్పై మంది చేసుకున్న పంచాయితీ ఒక్కటే. జనగామ బండి వెనక అద్దం మీద జై భీమ్ అని నీలం స్టిక్కర్ ఉన్నది. ఒక అన్న మెసేజ్ పెట్టిండు: "తమ్మీ, బండిల ఆడోళ్లు, పిల్లలు ఉన్నరు. అడవి తొవ్వ. పోయొచ్చినంక మళ్ల అతికిద్దం." ఇంకో తమ్ముడు కోపానికి వచ్చిండు: "దీక్షాభూమికి పోతూ అంబేద్కర్‌ను దాచిపెడ్తమా?" వంద మెసేజులు అయినయి.

ఆ అన్న పిరికోడు కాదు. ఆయన మీద రెండు కేసులు ఉన్నయి, కొట్లాటల ముందట ఉండే మనిషి. భయం ఆయనది కాదు, అనుభవానిది. ఆయన్ను ఎక్కిరించుడు తప్పు. 1934ల బాబాసాహెబ్ అంతటాయన పేరు చెప్పకుండ పోయిండంటె, దాంట్ల సిగ్గుపడేది ఆయన కాదు. దాచుకోవాల్సిన పరిస్థితి పెట్టినోళ్లు సిగ్గుపడాలె. గని ఇంకోటి గూడ చూడాలె. దాచుకున్నా ఆగలేదు గదా! హౌజు కాడ పట్టుకున్నరు గదా! లాడ్జిల నా ఆధార్ కార్డు మీద స్టిక్కర్ లేదు. ఇంటిపేరు సరిపోయింది. కులం అడిగేటోడికి స్టిక్కర్ అవసరం లేదు. స్టిక్కర్ తీస్తె దొరికేది భద్రత కాదు, భద్రత ఉన్నదనే భ్రమ.

నా మాట ఇది: స్టిక్కర్ ఉండనియ్యండ్రి. మూడు బండ్లు కలిసి పోదం, ఒకదానికి ఒకటి కనపడేటట్టు. సిరోంచ, ఆలపల్లి నడుమ అడవిని పగటిపూటనే దాటుదం. తొవ్వ పొడుగూత అదే నీలం రంగు మనుషులు ఉన్నరు. చంద్రపూర్‌ల, నాగపూర్‌ల ఆ స్టిక్కర్ చూసి "జై భీమ్" అని పలకరించి అన్నం పెట్టేటోళ్లు ఉంటరు. స్టిక్కర్ శత్రువుకే కనపడదు, చుట్టానికి గూడ కనపడ్తది.

2025 సెప్టెంబరుల ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం బండ్ల మీద కులం పేర్లు, గుర్తులు తీసేయాలని ఆదేశం ఇచ్చింది. అది చూపించి, "మీ స్టిక్కరూ కులం గుర్తే గదా" అని ఒక సహోద్యోగి స్టాఫ్ రూంల అన్నడు. కాదు సార్. వెనక అద్దం నిండ కులం పేరు రాసుకునేటోడు నాకు జాగియ్యి అంటున్నడు. జై భీమ్ అని రాసుకున్నోడు అందరికి జాగ ఉండాలె అంటున్నడు. రాజ్యాంగం రాసినాయన బొమ్మ కులం గుర్తు అయితె, రాజ్యాంగం అట్ట గూడ కులం గుర్తే కావాలె.

రెండో పంచాయితీ సద్ది మీద. సర్వపిండి, సకినాలు, పులిహోర, కోడిగుడ్లు. వీటి మీద ఏ గొడవా లేదు. మానుకోట పెద్దమ్మ ఎండు తునకలు వేయించి డబ్బల పోస్తనన్నది. పెద్దకూర తునకలు. మూడు రోజులైనా పాడు కావు, నాలుగు నోట్లె ఏసుకుంటె ఆకలి ఆగుతది. దూరం పోయేటోళ్ల కోసమే పుట్టిన తిండి అది. గని గోదావరి దాటితె మహారాష్ట్ర. 2015 నుంచి అక్కడ ఎద్దు, కోడె కోసుడు గూడ నిషేధం. బయట రాష్ట్రం నుంచి తెచ్చుకున్న మాంసం దగ్గర ఉంటె నేరం కాదని 2016ల బాంబే హైకోర్టు చెప్పింది. సరే. అర్ధరాత్రి రోడ్డుకు అడ్డం కట్టెలు పట్టుకొని నిలబడ్డోళ్లకు ఆ తీర్పు చదివి వినిపించేది ఎవరు? డబ్బల ఉన్నది బర్రెదా, ఎద్దుదా అని పరీక్ష చేసేది ఎవరు?

పెద్దమ్మ తనంతట తానే "ఒద్దు బిడ్డా, ఇంట్ల పెట్టిపోత, పిలగాండ్లు పైలంగ పోయిరావాలె" అన్నది. ఆ మాట తర్వాత గ్రూపుల ఎవరూ మెసేజ్ పెట్టలేదు. ఆమెను తీస్కరమ్మని చెప్పే ధైర్యం నాకు లేదు, తేవద్దని చెప్పే హక్కూ లేదు. ఆ డబ్బ ఇంట్ల ఆగిపోయింది. ఆగిపోయిందనే సంగతి మాత్రం ఆగిపోవద్దు.

నేను ఇంత పొడుగు రాసింది ఈ ఒక్క మాట కోసం. మన చిట్టీని నోటి మీది నుంచి కాగితం మీదికి దించుదం.

అమెరికాల ఒక పోస్ట్‌మ్యాన్ ఈ పని చేసిండు. న్యూయార్క్ హార్లెంల ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్. నల్లోళ్లు కార్లు కొన్నరు గని రోడ్డు పక్క హోటల్లు వాళ్లను రానియ్యవు, కొన్ని ఊళ్లల్ల పొద్దుగూకినంక నల్లోళ్లు కనపడొద్దు. ఆయన 1936ల ఒక చిన్న పుస్తకం ఏసిండు, నల్లోళ్లు ఎక్కడ పండుకోవచ్చు, ఎక్కడ తినొచ్చు, ఎక్కడ బండి బాగు చేయించుకోవచ్చు అని ఊరు ఊరుకు చిరునామాలతోటి. గ్రీన్ బుక్ అన్నరు దాన్ని. మధ్యల యుద్ధం ఏండ్లు తీసేస్తె ముప్పై ఏండ్లు వచ్చింది. 1964ల పౌరహక్కుల చట్టం వచ్చినంక ఆ పుస్తకం అవసరం తగ్గి ఆగిపోయింది. ఇయ్యాల అది మ్యూజియంలల్ల ఉన్నది. ఆనాటి అమెరికా ఎట్ల ఉండెనో చెప్పే సాక్ష్యం అది. ఒక చిట్టీ సాక్ష్యం అయింది.

మన దగ్గర చట్టం 1950లనే వచ్చింది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు దుకాణాలు, హోటల్లు, బావులు, చెరువులు, రోడ్లు అని పేరు పేరున రాసింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015ల చేసిన సవరణ చూడండ్రి. ఎస్సీ, ఎస్టీలు సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండ, చెప్పులు తొడుక్కోకుండ, కొత్త బట్టలు కట్టుకోకుండ, పెండ్లి ఊరేగింపుల గుర్రమో ఇంకో బండో ఎక్కకుండ అడ్డుకుంటె నేరం అని రాయాల్సి వచ్చింది. 21వ శతాబ్దంల, పార్లమెంటు కూసోని, చెప్పులు, సైకిళ్లు, కొత్త బట్టలు అని రాసిందంటె, దేశం తొవ్వల సంగతి పార్లమెంటుకు తెలుసు. తెలిసి గూడ మన చిట్టీ ఇంక నోటి మీదనే ఉన్నది.

అందుకే ప్రతి బండి డ్యాష్‌బోర్డుల ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ పెడుతున్నం. మొదటి పేజీల నంబర్లు: 112 పోలీసు, 108 అంబులెన్సు, 1033 జాతీయ రహదారుల సాయం, 14566 ఎస్సీ, ఎస్టీల మీద దాడుల హెల్ప్‌లైన్. దాని కింద, ఏ రాష్ట్రంల జరిగినా ఏ పోలీస్ స్టేషన్లనైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలె, 2024 జులై 1 నుంచి నడుస్తున్న కొత్త చట్టంల 173వ సెక్షన్ అదే చెప్తది అని రాసినం. రెండో పేజీల మనుషులు: సిరోంచల ఎవరు, ఆలపల్లిల ఎవరు, చంద్రపూర్‌ల ఎవరు. బుద్ధ విహారాలు, అంబేద్కర్ భవన్లు, రాత్రి పండుకోనిచ్చే ఇండ్లు. మేం ఆడోళ్లం ఇంకో పేజీ పెట్టినం, బాత్రూములు. దూరం పోవాల్నంటె ఆడోళ్లు చేసే మొదటి తయారీ నీళ్లు తాగుడు బంద్ చేసుడు. బంకుల మరుగుదొడ్డి, తాగే నీళ్లు, టైర్లకు గాలి ఉచితంగ ఇయ్యాలె, అది వాళ్ల ధర్మం కాదు, వాళ్లు ఒప్పుకున్న నిబంధన. తాళం ఏసి ఉంటె తాళం అడగండ్రి. ఇయ్యకపోతె తారీఖు ఏసి రాయండ్రి.

మిగిలిన పేజీలు ఖాళీ. ఎక్కడ ఆగినం, ఏం అడిగిన్రు, ఏం చెప్పినం. మర్యాదగ చూసినోళ్ల సంగతి గూడ రాయాలె. పేరు అడగకుండ చాయ్ పోసినాయన, పిల్లకు పాలు కాచిచ్చిన అవ్వ, టైరు పంక్చరైతె చేయి ఏసిన లారీ డ్రైవరు. వాళ్లు లేకుండ మన చిట్టీ నిజమైన చిట్టీ కాదు. ఫిర్యాదుల పుస్తకం కాదు ఇది, తొవ్వ పుస్తకం.

జాషువా గబ్బిలంల కథానాయకుడు తాను కాశీకి పోలేదు, గబ్బిలాన్ని పంపిండు. గుడిల గబ్బిలానికి ఉన్న జాగ మనిషికి లేదు గనుక. 1941ల ఆ కావ్యం వచ్చింది. మనం గబ్బిలాన్ని పంపే తరం కాదు. మనమే పోతున్నం, తాళంచెవి మన చేతిల ఉన్నది. పోయొచ్చి రాయాల్సింది గూడ మనమే. తెలుగు యాత్రా సాహిత్యంల మన చక్రాల గుర్తులు పడాలె.

మీరు దసరాకు ఎటు పోతున్నా, తిరుపతికో, వేలంగన్నికో, ముంబై చైత్యభూమికో, కూతురు అత్తగారింటికో, బండిల ఒక నోట్‌బుక్ పెట్టుకోండ్రి. సద్ది కట్టేటప్పుడు ఏం కట్టిన్రో రాయండ్రి, ఏం కట్టలేకపోయిన్రో రాయండ్రి. మొదటి లైను మా మానుకోట బండి పుస్తకంల ఇప్పటికే పడ్డది. పెద్దమ్మ చెప్తె ఆమె మనుమరాలు రాసింది: "గోదావరి దాటుతున్నం గనుక తునకలు ఇంట్ల పెట్టినం."

పైలంగ పోయిరాండ్రి. జై భీమ్.